నాయిన కాలు, నా బ్రేకు

తిరుమలగిరి నుంచి సూర్యాపేట పోయే తోవలో, అర్వపల్లి ఇంకా ఫర్లాంగు దూరం ఉందనగానే నాయిన యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసేవాడు. బ్రేకు మాత్రం తొక్కేవాడు కాదు. స్టీరింగు పక్కనుండే గేరు కడ్డీని ఆడించి నాలుగో గేరు నుంచి మూడుకు తెచ్చేవాడు. ఇంజను ఒక మూలుగు మూలిగేది. ఆయన కుడిచెయ్యి కిటికీలోంచి బయటికొచ్చి, అరచెయ్యి నేలవైపు తిరిగి, పసిపిల్ల తల నిమిరినట్టు గాలిలో రెండుసార్లు కిందికి ఊగేది. బస్టాండు దగ్గరికి వచ్చేసరికి బండి నడిచే మనిషి వేగానికి వచ్చి ఉండేది. బ్రేకు పెడల్ పని అప్పుడు మొదలయ్యేది, అంతలోనే అయిపోయేది.

నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆ బండి మీదే. 1978 నాటి అంబాసిడర్, మార్క్ 3, పెట్రోలు. నాయిన 1989లో జనగామలో ఒక కాంట్రాక్టర్ దగ్గర సెకండ్ హ్యాండుకు కొన్నాడు. ఆ తర్వాత పదిహేనేళ్ళు అదే మా ఇంటికి అన్నం పెట్టింది. పెళ్ళికూతుళ్ళు, నెలలు నిండినవాళ్ళు, పాము కరిచినవాళ్ళు, ఎలక్షన్లప్పుడు జెండాలు, తిరుపతి మొక్కులు. ముందు సీటు ఒకటే పొడుగు బెంచీ కాబట్టి డ్రైవర్ పక్కన ముగ్గురు, వెనక ఐదుగురు, ఒళ్ళో పిల్లలు లెక్కలోకి రారు. సుమోలు, ఇండికాలు వచ్చాక కిరాయిలు తగ్గాయి. బండి మాత్రం ఇంటి ముందు వేపచెట్టు కింద ఉండిపోయింది. ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్, ఏడాదికోసారి అమ్మ తిట్లు. డెబ్బై రెండేళ్ళ వయసులో కూడా వారానికి రెండుసార్లు నాయిన దాన్ని బయటికి తీస్తాడు.

ఆ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే కారు ఉండేది. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు దాన్నే తెచ్చుకుని, 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ పేరుతో తయారు చేయడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి మా 1978 బండి దాకా ముందు గ్రిల్లు మారింది, లైట్లు మారాయి, డ్యాష్‌బోర్డు మారింది. బ్రేకులకు మాత్రం ఆ ఇరవై ఏళ్ళలో పెద్దగా వయసు రాలేదు.

డ్రమ్ము బ్రేకు ఎలా పనిచేస్తుందో నాయిన నాకు వంటింట్లో చూపించాడు. ఒక ఖాళీ గిన్నెలో రెండు చేతులూ పెట్టి, అరచేతులు రెండు పక్కలకూ విప్పి లోపలి గోడలకు ఆనించాడు. "ఇప్పుడు గిన్నె తిప్పు" అన్నాడు. తిప్పాను. అరచేతుల ఒత్తిడికి గిన్నె ఆగింది. గిన్నె అంటే చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము. అరచేతులు బ్రేకు షూలు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ నుంచి పైపుల్లో బ్రేకాయిల్ పోయి, చక్రం దగ్గరి చిన్న సిలిండర్లలోకి చేరి షూలను బయటికి నెడుతుంది.

ఇందులో ఒక తెలివి ఉంది. తలుపు కింద చీలిక పెడితే తలుపు తోసిన కొద్దీ చీలిక ఇంకా బిగుసుకున్నట్టు, తిరుగుతున్న డ్రమ్ము షూను తనవైపు లాక్కుని ఇంకా గట్టిగా కరిచేలా చేస్తుంది. అంటే డ్రైవర్ కాలి బలానికి చక్రం తన బలం కూడా కలుపుతుంది. అంబాసిడర్‌కు ముందు చక్రాల్లో రెండు షూలనూ ఇట్లాగే అమర్చారు. కాబట్టి ముందుకు పోతున్నప్పుడు ఆ కరుపు బాగుంటుంది. వెనక్కు పోతున్నప్పుడు అదే అమరిక ఎదురు తిరిగి, ముందు బ్రేకులు నీరసపడతాయి. ఎక్కుడు మీద బండి ఆపితే టైరు కింద రాయి పెట్టడానికి ఎవరో ఒకరు దిగడం నా చిన్నతనంలో మామూలు సంగతి. ఆ రాయి మా డిక్కీలో శాశ్వత సభ్యురాలు.

డ్రమ్ముకు రెండు శత్రువులు. ఒకటి వేడి, ఇంకొకటి నీళ్ళు. మూతపడ్డ గిన్నెలో పుట్టిన వేడి త్వరగా బయటికి పోదు. పొడుగు దిగుడులో అదేపనిగా బ్రేకు తొక్కితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, షూల లైనింగు పట్టు వదులుతుంది, పెడల్ కిందికి పోతుంది కానీ బండి ఆగదు. నీళ్ళు లోపలికి పోతే బయటికి రావడం కూడా అంతే కష్టం. అందుకే వాగు దాటిన ప్రతిసారీ నాయిన ఎడమకాలితో బ్రేకును కొంచెం నొక్కిపట్టి వందగజాలు నడిపేవాడు. లైనింగు రాసుకుని, వేడెక్కి, ఆరిపోయేది. ఇవన్నీ ఏ పుస్తకంలోనో చదివి నేర్చుకున్నవి కావు. ఆయన కాలికి తెలుసు, అంతే.

ఆ కాలు ఒకరోజు చాలలేదు.

రెండేళ్ళ కింద, ఏప్రిల్ ఆఖరు. యాసంగి వడ్లు కోతకొచ్చి ఉన్నాయి. ఎస్సారెస్పీ కాలువ నీళ్ళు వచ్చినప్పటి నుంచి మా దిక్కు వరి బాగా పెరిగింది. ఒకప్పుడు కంది, పెసర, పత్తి కనబడే చెల్కల్లో ఇప్పుడు మడులు. ఇంత పంట ఆరబోసుకునే జాగా ఎక్కడిది? రోడ్డు మీదే. సూర్యాపేట నుంచి జనగామ మీదుగా పోయే ఆ రోడ్డు ఇప్పుడు ఎన్‌హెచ్ 365బి, జాతీయ రహదారి. కోతల కాలంలో దానిలో ఒక పక్క వాహనాలది, ఒక పక్క వడ్లది.

ఆ పొద్దు అకాల వాన పడింది. జనం పట్టాలు పట్టుకుని వడ్ల కుప్పల మీదికి ఉరుకుతున్నారు. నాయిన నడుపుతున్నాడు, నేను పక్కన. ఒక కల్వర్టు దగ్గర మోకాలి లోతు కాకపోయినా చక్రం సగం మునిగేన్ని నీళ్ళు నిలిచి ఉన్నాయి. దాటాం. నాయిన ఎడమకాలు అలవాటు ప్రకారం బ్రేకు మీద పెట్టాడో లేదో, వెనక నుంచి ఒక ఆటో మమ్మల్ని దాటేసి, మా ముందు మేం వదిలిపెట్టుకున్న ఆ కాస్త జాగాలో దూరి, చెయ్యెత్తిన మనుషుల కోసం ఉన్నపళంగా ఆగింది.

నాయిన తొక్కాడు. పెడల్ కిందికి పోయింది. ఒక పక్క డ్రమ్ము ఆరింది, ఇంకో పక్కది ఆరలేదు. బండి ఆగకపోగా కుడిపక్కకు గుంజింది. ఎదురుగా లారీ. నాయిన పెడల్‌ను వరసగా మూడుసార్లు కొట్టి, స్టీరింగును ఎడమకు విరిచి, ఆటోకు జానెడు పక్కనుంచి తీసుకుపోయి వడ్లకుప్పలో గుద్దాడు. బండి బానెట్ దాకా వడ్లలో కూరుకుని ఆగింది.

కుప్ప తాలూకు ఆమె వచ్చి ముందు మా ఏడు తరాలనూ తిట్టింది. తర్వాత కిటికీలోంచి నాయిన మొహం చూసి, "నీళ్ళు దాగుతవా అన్నా" అంది. నాయిన చేతులు స్టీరింగు మీద నుంచి కిందికి రాలేదు. ఆయన కాళ్ళు వణకడం నేను మొదటిసారి చూశాను. ఆటో అప్పటికే వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నేను చెప్పాను. "నాయినా, ఇక దీనికి డిస్కులన్న ఏపియ్యాలె. లేకుంటె అమ్మెయ్యాలె."

"ముప్పై ఐదేండ్లు నడిపిన. ఎవ్వనికి తాకలే."

"నీది తప్పని అంటలేను. ఆటో వానిదే తప్పు."

"మరి తప్పు వానిదైతె బ్రేకులు నాయెందుకు మార్చాలె?"

ఆ ప్రశ్నకు ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. కొన్నాళ్ళకు దొరికింది. నాయిన కిరాయి నడిపిన కాలంలో ఆ రోడ్డు మీద అన్నిటి బ్రేకులూ దాదాపు ఒక తీరుగానే ఉండేవి. ఎడ్లబండి, ఆర్టీసీ ఎర్రబస్సు, లారీ, మరో అంబాసిడర్. ఎవరికీ ఉన్నపళంగా ఆగడం రాదు. కాబట్టి ముందువాడు ఆగబోతున్నాడని వెనకవాడికి చాలా ముందే తెలిసేది. మధ్యలో జాగా ఉండేది, దాన్ని అందరూ గౌరవించేవాళ్ళు. ఇప్పుడు ముందున్న మోటార్‌సైకిల్‌కు ఏబీఎస్ ఉంది. పక్కనున్న కారు నాయిన కాలు కదిలే లోపల ఆగిపోతుంది. మనం వదిలిన జాగా ఇంకొకడికి దారిలా కనబడుతుంది. నాయిన నడపడంలో ఏ లోపమూ రాలేదు. ఆయన ఎవరితో ఒప్పందం చేసుకుని నడిపాడో, ఆ రోడ్డే మారిపోయింది.

లెక్క కూడా దీనికి సాక్ష్యం చెబుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అంటే కంటికి కనబడి కాలు పెడల్ చేరడానికి ఒక సెకను పట్టినా, నాలుగు అంబాసిడర్ల పొడవు బ్రేకు పడకముందే దాటిపోతాం. ఇక వేగం రెట్టింపయితే బ్రేకులు మింగాల్సిన శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు. 40లో చాలిన బ్రేకు 80లో చాలకపోవడం దాని తప్పు కాదు.

డిస్క్ బ్రేకు కొత్త ఊహేమీ కాదు. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లిషు ఇంజనీరు 1902లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును తెచ్చాడు. అప్పటికి డ్రమ్మే గెలిచింది. యాభై ఏళ్ళ తర్వాత, 1953లో, డిస్కులు బిగించుకున్న జాగ్వార్ సి-టైప్ కారు ల మాన్ 24 గంటల పందెం గెలిచింది. 1955లో సిట్రోయెన్ డీఎస్ వాటిని ఇళ్ళ ముందుకు తెచ్చింది. అంటే అంబాసిడర్ పుట్టకముందే డిస్కు రోడ్డు మీదికొచ్చింది. మన దగ్గర మామూలు మనిషి కాలికింద డిస్కు పడ్డది 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకే. అంబాసిడర్‌కు కూడా చివరి కాలపు మోడళ్ళలో ముందు చక్రాలకు డిస్కులు, బూస్టరు వచ్చాయి. 2014 మే నెలలో ఉత్తరపారా ఫ్యాక్టరీ ఆగిపోయింది.

ఆ చివరి కాలపు బండ్లే మాకు దిక్కయ్యాయి. సూర్యాపేటలో నాయినకు పాత పరిచయం ఉన్న మెకానిక్ భాయ్ ఒక కాగితం మీద రాసిచ్చాడు: ముందు హబ్బులు, స్టబ్ యాక్సిళ్ళు, డిస్కులు, క్యాలిపర్లు, బూస్టరు. "ఇవన్ని ఒక్క బండియే దొరకాలె. నాలుగు బండ్లయి తెస్తె నాకు పని, నీకు ఖర్చు" అన్నాడు. ఆ కాగితం పట్టుకుని నేను విజయవాడ ఆటోనగర్ పోయాను. పాత బండి విప్పితే ఎన్ని ముక్కలవుతుందో చూడాలంటే అక్కడికే పోవాలి. గేర్‌బాక్సుల గుట్టలు, డోర్ల గోడలు, తలలు లేని లారీలు. మూడో షాపులో పూర్తి సెట్టు దొరికింది. అమ్మేవాడు నన్ను ఎగాదిగా చూసి, "ఎవరికమ్మా?" అన్నాడు. "మా నాయినకు" అన్నాను. మనిషికి ఏదో అవయవం కొంటున్నట్టనిపించింది.

డిస్కు సంగతి అర్థం కావడానికి గిన్నె అక్కర్లేదు, సైకిలు చాలు. సైకిలు రిమ్మును రెండు రబ్బరు ముక్కలు రెండు పక్కల నుంచి పట్టుకున్నట్టే, చక్రంతో తిరిగే ఇనుప పళ్ళాన్ని రెండు ప్యాడ్లు అటూ ఇటూ నుంచి నొక్కుతాయి. అంతా బయటే, గాలికే. వేడి పుట్టినంత తొందరగా పోతుంది. నీళ్ళు పడినా పళ్ళెం ఒకటి రెండు చుట్లు తిరిగేసరికి చిమ్మేస్తుంది. కానీ డ్రమ్ములో ఉన్న చీలిక తెలివి దీనికి లేదు. చక్రం నీకు సాయం చేయదు, బలమంతా కాలే ఇవ్వాలి. అందుకే బూస్టరు. ఇంజను గాలి పీల్చుకునే దగ్గరి ఖాళీని వాడుకుని అది కాలి బలాన్ని పెంచుతుంది. మాది పెట్రోలు బండి కాబట్టి ఆ ఖాళీ ఇంజనులోనే దొరికింది. డీజిలైతే దానికోసం వేరే పంపు పెట్టాల్సి వచ్చేది.

భాయ్ నాలుగు రోజులు పని చేశాడు. మా బండిలో మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ళ కింద, ఫ్లోరు అడుగున ఉంటుంది. దాన్ని అక్కడే ఉంచి, బూస్టరును ఇంజను పక్కన విడిగా బిగించి, ముందు చక్రాల పైపులన్నీ కొత్తగా తిప్పాడు. వెనక డ్రమ్ములు అలాగే ఉంచాడు. బ్రేకు వేసినప్పుడు బండి బరువంతా ముందుకు ఒరుగుతుంది, పనిలో పెద్దవాటా ముందు చక్రాలదే. పైగా హ్యాండ్ బ్రేకు వెనక డ్రమ్ముల మీదే నడుస్తుంది. "సగం పాతది ఉండనియ్ బిడ్డా" అన్నాడు నాయిన. ఆయన ఒప్పుకున్నది ఆ సగం వల్లే అనుకుంటాను.

బండి తయారైంది. నేను సూర్యాపేట బైపాస్ దాకా తోలి వచ్చాను. పెడల్ ముట్టుకుంటే చాలు, బండి ఆగుతోంది. నా మొహంలో సంతోషం చూసి భాయ్ చాయ్ తెప్పించాడు. నాయిన బండి ఎక్కలేదు. బానెట్ మీద చెయ్యి పెట్టి మెల్లగా ముందుకు తోశాడు. కదలలేదు. మళ్ళీ తోశాడు.

"భాయ్, బండి పట్టుకున్నది" అన్నాడు.

"కొత్త ప్యాడ్లు కద పటేలా, సెట్టయితయి."

"కాదు. ఒక్క చేత్తోని తోస్తె పోయే బండి ఇది. ముప్పై ఐదేండ్ల సంది తోస్తున్న. ఎవరో పట్టుకున్నరు దీన్ని."

ముందు చక్రం దగ్గర వంగితే వేడి మొహానికి కొట్టింది. కాలిన వాసన. భాయ్ నాలుక కరుచుకున్నాడు. డ్రమ్ము బ్రేకులకు పెడల్ వదిలాక కూడా పైపుల్లో కొంచెం ఒత్తిడి నిలవాలి. లేకపోతే చక్రాల సిలిండర్లలోకి గాలి దూరుతుంది. దానికోసం మాస్టర్ సిలిండర్ మూతి దగ్గర ఒక చిన్న వాల్వు ఉంటుంది. డ్రమ్ములో షూలను వెనక్కి గుంజడానికి స్ప్రింగులు ఉన్నాయి, ఆ కాస్త ఒత్తిడి వాటికి లెక్కలేదు. డిస్కుకు స్ప్రింగుల్లేవు. ఆ ఒత్తిడే చాలు, ప్యాడ్లు పళ్ళేన్ని వదలవు. పాత అలవాటును కొత్త వస్తువు మోస్తోందన్నమాట. భాయ్ ఆ వాల్వు తీసేసి, వెనక లైనుకు మాత్రం విడిగా ఒకటి పెట్టాడు. నాయిన మళ్ళీ చెయ్యి పెట్టి తోశాడు. బండి కదిలింది. అప్పుడు చాయ్ తాగాడు.

ఖర్చు మొత్తం నలభై వేలు దాటింది. పాత డ్రమ్ములు, షూలు, బ్యాకింగ్ ప్లేట్లు గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాం. హైదరాబాదులో పాత బండ్ల పిచ్చి ఉన్న నా స్నేహితుడికి చెబితే ఎవరో చనిపోయినట్టు మాట్లాడాడు. "ఒరిజినాలిటీ పోయింది కదా" అన్నాడు. చట్టం కూడా అతని పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది కూడా. ఇంకోపక్క యాభై ఏళ్ళు దాటిన బండ్లను వింటేజ్‌గా నమోదు చేసుకోవడానికి 2021లో వచ్చిన నిబంధనలు ఛాసిస్, బాడీ, ఇంజను మారకూడదని పేరు పెట్టి చెప్పాయి. మా బండికి యాభై నిండే రోజు దగ్గర్లోనే ఉంది. ఆ రోజు కాగితాల వాళ్ళు క్యాలిపర్లు చూసి ఏమంటారో చూడాలి. అదే కంపెనీ అదే బండికి తర్వాత తనే ఇచ్చిన భాగాలు ఇవి అని చెప్పుకుంటాను. అటక మీది గోనెసంచి కూడా చూపిస్తాను.

నా స్నేహితుడి బాధ నాకు అర్థం కాకపోలేదు. కానీ ఎగ్జిబిషన్‌లో తాడు కట్టి నిలబెట్టే బండికి ఒరిజినాలిటీ ఒకటే ధర్మం. రోడ్డు మీద తిరిగే బండికి ఎదుటివాళ్ళ ప్రాణం కూడా ధర్మమే. ఈ వాదన నాకు చాలా నచ్చింది. ఆరు నెలలు ఎవరు అడిగినా ఇదే చెప్పాను.

నవంబరు వచ్చింది. వానాకాలం పంట కోతలు. మార్కెట్ యార్డు ముందు ట్రాక్టర్ల బారు. ఈసారి నేను నడుపుతున్నాను, నాయిన పక్కన. అర్వపల్లి దాటి తిరుమలగిరి వైపు వస్తున్నాం. నా వెనక ఒక ట్రాక్టరు, ట్రాలీ నిండా వడ్ల బస్తాలు. చెట్టు చాటు నుంచి ఒక దుడ్డె రోడ్డు మీదికి దుంకింది. నేను తొక్కాను. అబ్బ, ఏం ఆగింది! ఉన్నచోట దిగేసినట్టు, దుడ్డెకు రెండు గజాల అవతల. రెండేళ్ళ కింది వడ్లకుప్ప గుర్తొచ్చి, చూశావా అన్నట్టు నాయిన వైపు తిరిగాను.

నాయిన నావైపు చూడటం లేదు. అద్దంలోకి చూస్తున్నాడు.

వెనక టైర్ల అరుపు, మనిషి అరుపు ఒకేసారి వినిపించాయి. ట్రాక్టరు డ్రైవరు స్టీరింగు తిప్పేశాడు. ఇంజను ఎడమ పక్క మట్టిలోకి దిగింది, ట్రాలీ మాత్రం ఆగకుండా దాన్ని తోసుకుంటూ పోయి, కాలువ అంచున ఒరిగి నిలబడింది. పది పన్నెండు బస్తాలు రోడ్డు మీద పడ్డాయి. రెండు పగిలాయి. ఆ పిల్లాడికి ఇరవై ఏళ్ళుంటాయి. దిగి, వణుకుతూ, నన్ను కొట్టేటట్టు వచ్చి, ఆడమనిషిని చూసి ఆగిపోయి, నాయిన మీద అరిచాడు.

"ఏం తోలుడే ఇది? చెయ్యి సూపియ్యరు, లైటు రాదు! ట్రాలీకి బ్రేకులుంటయా? రెండు టన్నుల మీద ఉన్నది ఎన్క!"

నిజమే. మా దగ్గరి ట్రాలీల్లో చాలావాటికి బ్రేకులుండవు. ముందున్న ట్రాక్టరు ఆగితే దాన్ని నమ్ముకుని ట్రాలీ ఆగాలి. ఆ సంగతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. బ్రేకు తొక్కేటప్పుడు గుర్తు రాలేదు, ఎందుకంటే గుర్తు రావాల్సిన అవసరం లేకుండా ఆగే బ్రేకు నాకు దొరికింది.

నాయిన ఏమీ అనలేదు. లుంగీ ఎగ్గట్టి బస్తా ఒక కొస పట్టుకున్నాడు. నేను ఇంకో కొస పట్టుకున్నాను. దారినపోయేవాళ్ళు నలుగురు కలిశారు. పగిలిన బస్తాల వడ్లు పట్టా మీదికి ఊడ్చి ఎత్తాం. పోయిన వాటికి డబ్బులిస్తే పిల్లాడు మొదట వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు. అంతా అయ్యాక నాయిన బండి వెనక్కు పోయి నిలబడి, "బ్రేకు తొక్కు" అన్నాడు. తొక్కాను. "ఇంకోసారి తొక్కు." తొక్కాను.

రెండు లైట్లూ వెలగడం లేదు.

మా బండిలో బ్రేకు లైటుకు స్విచ్చి పెడల్ దగ్గర ఉండదు, బ్రేకాయిల్ పైపు మీదే ఉంటుంది. పైపులో ఒత్తిడి పెరిగితే అది కలిసి లైటు వెలుగుతుంది. భాయ్ పైపులు తిప్పేటప్పుడు ఆ స్విచ్చి ఉన్న జాయింటు తీసేసి, దాని రెండు తీగలకూ నల్లటేపు చుట్టి పక్కన పెట్టాడు. ఆ తీగలు నేను చూశాను. ఇవేమిటని అడగలేదు. ముందు చక్రాల మీదే ఉన్నాయి నా కళ్ళు. నలభై వేలు పెట్టి నేను ఆగడం నేర్చుకున్నాను, ఆగుతున్నానని వెనకవాడికి చెప్పే తీగను టేపు చుట్టి వదిలేశాను. ఆరు నెలలు అలాగే తిరిగాను. నాయిన నడిపిన రోజుల్లో ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఆయన చెయ్యి కిటికీ బయట ఉండేది.

ఇంటికి పోయేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. వేపచెట్టు కింద బండి ఆపాక నాయిన అన్నాడు: "బ్రేకు మంచిగనే ఉన్నది బిడ్డా. కాని నీ బ్రేకు నీకే పడ్డది. ఎన్కోనికి పడొద్దా?"

మర్నాడు భాయ్ దగ్గరికి పోయి కొత్త స్విచ్చి వేయించాను. అరగంట పని. డిస్కులు వేయించినందుకు నాకు విచారమేమీ లేదు. ఏప్రిల్ వానలో అవి ఉండి ఉంటే వడ్లకుప్ప అక్కర్లేకపోయేది, ఇప్పటికీ అదే మాట అంటాను. రోడ్డు మారింది కాబట్టి బ్రేకు మారాలన్న నా లెక్కలో తప్పు లేదు. కానీ ఆ లెక్కలో నా ముందున్నవాళ్ళే ఉన్నారు. రోడ్డు అందరికీ ఒకేసారి మారలేదు. ముందున్న మోటార్‌సైకిల్‌కు ఏబీఎస్ ఉంది, వెనకున్న ట్రాలీకి బ్రేకే లేదు, మధ్యలో మా అంబాసిడర్. నాయిన ఫర్లాంగు ముందు కాలు తీయడం డ్రమ్ములు బలహీనం కాబట్టే అని నేను అనుకుంటూ వచ్చాను. అందులో సగం వెనకవాళ్ళ కోసమని ఇప్పుడు తెలుస్తోంది.

నాయిన ఇప్పుడు డిస్కుల బండే నడుపుతున్నాడు. కాలు మాత్రం మారలేదు. అర్వపల్లి ఫర్లాంగు దూరం ఉందనగానే కాలు తీస్తాడు, మూడో గేరుకు తెస్తాడు, చెయ్యి బయట పెడతాడు. పక్కన కూర్చుని నేను నవ్వడం మానేశాను. నేను నడిపేటప్పుడు ఆగాల్సిన చోటుకు చాలా ముందే పెడల్‌ను ఊరికే రెండుసార్లు తాకుతాను. బండి వేగం ఏమీ తగ్గదు. వెనక లైటు రెండుసార్లు వెలుగుతుంది. తర్వాత అద్దంలోకి చూస్తాను. నాయిన కూడా చూస్తాడు. అప్పుడు తొక్కుతాను.